కారులో బటన్లు తీసేసి అంతా స్క్రీన్‌లో పెట్టడం మంచిదేనా?

బైరాగిపట్టెడ కోడర్

కొత్త కారు కొందామని రేణిగుంట రోడ్డులో షోరూంలు తిరుగుతున్నాను. ఎక్కడికి పోయినా ముందు చెప్పేది స్క్రీన్ ఎన్ని అంగుళాలో. ఒక బండిలో అయితే ఏసీ గాలి తగ్గించాలన్నా, అద్దం మీద ఆవిరి పోగొట్టాలన్నా స్క్రీనే దిక్కు. నాబ్ ఒక్కటీ లేదు. టెస్ట్ డ్రైవ్‌లో ఫ్యాన్ స్పీడ్ తగ్గిద్దామని మెనూలో వెతుకుతుంటే ముందు పోయే ఆటో ఆగింది, నేను గట్టిగా బ్రేక్ తొక్కాల్సొచ్చింది. పక్కన కూర్చున్న కుర్రాడు "అలవాటైపోతుంది సార్" అన్నాడు.

అలవాటు కాదనేదే నా వాదన. నాబ్ ఎక్కడుందో చెయ్యే తడిమి పట్టుకుంటుంది, చూపు రోడ్డు మీదే ఉంటుంది. నున్నటి గాజు మీద చేతికి ఏమీ తగలదు, చూపు తిప్పక తప్పదు. 2022లో స్వీడన్‌లో వి బిలాగరే అనే కార్ల పత్రిక దీన్ని కొలిచి చూసింది. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో రేడియో మార్చడం, ఏసీ సర్దుకోవడం లాంటి నాలుగు పనులు చెయ్యమన్నారు. ముందే బండితో పరిచయం చేసుకోవడానికి డ్రైవర్లకు టైం కూడా ఇచ్చారు. బటన్లున్న 2005 మోడల్ వోల్వోలో 10 సెకన్లలో అయిపోయింది. ఎంజీ మార్వెల్ ఆర్‌లో స్క్రీన్‌తో అవే పనులకు 44.9 సెకన్లు పట్టింది. ఆ లోపల బండి 1,372 మీటర్లు పోయింది.

ఇంకోటి, నా ఉద్యోగానికి దగ్గరి సంగతి. సొంత కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు, తర్వాత రెన్యువల్ చేయించుకుని మరో ఐదేళ్ళు నడుపుతాం. అన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌కు సపోర్ట్ ఇచ్చేదెవరు? విండోస్ 10 2015లో వచ్చింది, 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ అయిపోయింది. మైక్రోసాఫ్ట్‌కే పదేళ్ళు ఎక్కువైనప్పుడు కార్ల కంపెనీలు 15 ఏళ్ళు చూసుకుంటాయని నేను నమ్మను. రోజూ కోడ్ రాసేవాణ్ణి, పాత వెర్షన్ మీద పని చెయ్యమంటే టీములో ఎవరూ ముందుకు రారు. కారుకు ఇంత సాఫ్ట్‌వేర్ ఎందుకు? మీరేమంటారు?

కరకంబాడి ఇంజనీర్

అన్నా, నాబ్ విషయంలో మీతో తగాదా లేదు. సాఫ్ట్‌వేర్ మాట దగ్గరే ఒప్పుకోలేను. కారులో సాఫ్ట్‌వేర్ అంటే స్క్రీన్ ఒక్కటే కాదు. గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సాఫ్ట్‌వేరే, ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరవాలో చెప్పేదీ సాఫ్ట్‌వేరే. 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ లేకుండా మన దేశంలో కొత్త కారు అమ్మకూడదు. ఇవన్నీ ఎన్ని ప్రాణాలు కాపాడుతున్నాయో తెలిసి కూడా "కారుకు ఇంత సాఫ్ట్‌వేర్ ఎందుకు" అంటే ఎట్లా?

అప్‌డేట్‌లను కూడా తక్కువ చెయ్యకండి. 2018లో అమెరికాలో వస్తువులను పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్ళు టెస్లా మోడల్ 3 బ్రేకులు బాగాలేవని తేల్చారు. కొద్ది రోజుల్లోనే కంపెనీ నెట్ ద్వారా అప్‌డేట్ పంపింది. మళ్ళీ పరీక్షిస్తే బండి ఆగే దూరం దాదాపు 20 అడుగులు తగ్గింది. షెడ్డుకు పోకుండా, స్పానర్ పట్టకుండా.

నాది ఎలక్ట్రిక్ కారు. తిరుమల నుంచి దిగేటప్పుడు మోటారే బండిని వెనక్కి పట్టుకుని, ఆ బలంతో బ్యాటరీ నింపుతుంది, బ్రేక్ మీద కాలు పెట్టే పని చాలా తగ్గింది. కొండ మీద తిరిగే ఎలక్ట్రిక్ బస్సులదీ ఇదే సూత్రం. (పైన ఫుల్ చార్జ్ పెట్టుకుని దిగితే మాత్రం ఈ సాయం తగ్గిపోతుంది, బ్యాటరీలో చోటుండాల. కొత్తగా కొన్నవాళ్ళు గుర్తు పెట్టుకోండి.) ఆ పట్టు ఎంత ఉండాలో క్షణక్షణం లెక్కేసేది సాఫ్ట్‌వేరే.

అలిపిరి ట్యాక్సీ

సార్లూ, నేను చదువుకున్నోణ్ణి కాదు, రోజూ ఘాట్ తొక్కేవాణ్ణి. ఒక్క మాట చెప్తా.

మనకు వానలు కార్తీకంలోనే జాస్తి. బండిలో ఏడుగురు యాత్రికులు, అందరి బట్టలూ తడి, గ్లాసులన్నీ ఎత్తుంటారు. దిగే దోవ పాతది, 1944లో వేసింది, మలుపు మీద మలుపు. సగం దిగేసరికి లోపల ఆవిరి కమ్ముకుంటాది. ముందర బస్సు వెనక లైటు ఎర్రగా మసకమసకగా కనపడతా ఉంటాది, అంతే. అప్పుడు నాకు కావాల్సింది ఏందంటే, చెయ్యి చాపితే గాలి అద్దం మీదికి తిరగాల. నా పాత బండిలో నాబ్ ఎడమ చివరికి తిప్పితే చాలు, చీకట్లో కూడా తిప్పుతా. ఓనర్ కొత్తగా తెచ్చిన బండిలో స్క్రీన్ తాకాల, చెయ్యి తడిగా ఉంటే అది ఒకసారికి వినదు. పక్క సీటాయన్ని టవల్‌తో తుడవమని అడుక్కుంటా దిగినా.

కరకంబాడి అన్న చెప్పిన బ్రేకు సంగతి నిజమే, కాదనను. కానీ రోడ్డు కనపడినంక కదన్నా బ్రేకు!

బైరాగిపట్టెడ కోడర్

అలిపిరి అన్న చెప్పిన ఆవిరి సంగతే అమెరికాలో పెద్ద కేసయింది. పాత టెస్లా మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ బండ్లలో స్క్రీన్ వెనక 8 జీబీ మెమరీ చిప్ ఉండేది. ఫ్లాష్ మెమరీ మీద కొన్ని వేల సార్లే రాయగలం, తర్వాత అరిగిపోతుంది. బండి నడిచినంతసేపూ సిస్టం దాని మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంది. ఐదారేళ్ళకు చిప్ అయిపోయింది, స్క్రీన్ నల్లబడింది. దాంతో పాటు వెనక కెమెరా పోయింది, అద్దం మీద ఆవిరి తీసే కంట్రోలూ పోయింది. 2021లో దాదాపు 1,35,000 బండ్లు వెనక్కి పిలవాల్సొచ్చింది.

మోటారు బాగుంది, బ్యాటరీ బాగుంది, చక్రాలన్నీ తిరుగుతున్నాయి, ఒక చిన్న చిప్ పోయి బండి నడపడం ప్రమాదమైంది. తమ్ముడూ, ఏబీఎస్ మీద నాకు పేచీ లేదు. అది తన పని తాను చూసుకుంటుంది, స్క్రీన్ పోయినా పని చేస్తుంది. నేనడిగేది ఇంతే: స్క్రీన్ చచ్చిపోయినా బండి క్షేమంగా ఇల్లు చేరాలి. స్క్రీన్‌కూ బండిని నడిపే భాగాలకూ మధ్య గోడ ఉండాలి.

గోడ సరిగ్గా లేకపోతే ఏమవుతుందో 2015లోనే చూశాం. ఇద్దరు పరిశోధకులు ఇంట్లో కూర్చుని, హైవే మీద పోతున్న జీప్ చెరోకీలోకి నెట్ ద్వారా దూరారు. పాటలు పెట్టుకునే సిస్టంలోంచి దూరి ఇంజన్ దాకా పోయారు. 14 లక్షల బండ్లకు రీకాల్.

చిత్తూరు లెక్చరర్

విండోస్ 10 ఉదాహరణ ఇక్కడ అతకదండీ. సపోర్ట్ అయిపోయిన మర్నాడు ఆ కంప్యూటర్లేమీ ఆగిపోలేదు. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ విండోస్ 11కు పనికిరాదంది, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ లేదట. విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ వేసుకున్నాను, ర్యామ్ పెంచాను, హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టాను. మా అమ్మాయి దాని మీదే ప్రాజెక్టు చేసుకుంటోంది. కంప్యూటర్ నాది, దాంట్లో ఏది వేసుకోవాలో నా ఇష్టం.

కారులో ఆ వీలు లేదు. నా కోపమంతా దాని మీదే. స్క్రీన్ ఉండనివ్వండి, బటన్ ఉండనివ్వండి, నేను డబ్బు పెట్టి కొన్న వస్తువుకు తాళం కంపెనీ దగ్గరెందుకుండాలి?

రేణిగుంట రోడ్డు షెడ్డు

మేడం చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అయినా కంప్యూటర్‌తో మేలూ ఉంది. స్కానర్ తగిలించే సాకెట్, ఓబీడీ పోర్ట్ అంటారు, స్టీరింగ్ కిందే ఉంటాది, స్కానర్ పెడితే ఏ సెన్సర్ పోయిందో నంబర్ చెప్తాది. కార్బురేటర్ కాలంలో ఇట్లా తెలిసేది కాదు. మిస్సింగ్ వస్తే ప్లగ్గు, జెట్టు, కాయిల్ ఒక్కోటి విప్పుకుంటా పోవాల, పొద్దు గూకేది. పాత బండే మేలు అనేవాళ్ళు ఇది మర్చిపోతారు.

కష్టం ఎక్కడొస్తాదంటే పార్టు మార్చేటప్పుడు. మొన్న ఒక బండిలో డిస్‌ప్లే యూనిట్ పోయింది. అదే మోడల్ బండిది సెకండ్‌హ్యాండ్ తెచ్చి బిగించినా. వైరింగ్ సరే, కనెక్టర్ సరే, స్క్రీన్ మీద తాళం బొమ్మ వచ్చి నిలబడింది. ఛాసిస్ నంబర్‌తో జత చెయ్యాలంట, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వీస్ సెంటర్లోనే ఉంటాదంట. వాళ్ళేమో కొత్తదే వెయ్యాలన్నారు. కస్టమర్ ముఖం చూళ్ళేకపోయినా.

కరకంబాడి ఇంజనీర్

తాళం వెయ్యడం తప్పే, దానికి చట్టం రావాలి. బటన్ల సంగతి మాత్రం దానంతట అదే దారికొస్తోంది. 2026 నుంచి యూరప్‌లో కార్ల భద్రతకు స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు కావాలంటే ఇండికేటర్, వైపర్, హారన్, హజార్డ్ లైట్లు, ప్రమాదంలో సాయం పిలిచే ఎస్ఓఎస్ వీటికి విడిగా బటనో మీటో ఉండాలి. ఫోక్స్‌వ్యాగన్ కూడా ముఖ్యమైన బటన్లు మళ్ళీ పెడతామంది. జనం అడిగితే కంపెనీలు వింటాయి.

బైరాగిపట్టెడ కోడర్

ఆ లిస్టులో ఏసీ లేదు చూడు తమ్ముడూ, అలిపిరి అన్నకు దాంతో ఏం లాభం? పైగా అది యూరప్ మాట. 2023 అక్టోబర్‌లో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు ప్రధానంగా గుద్దుడు పరీక్షల మీదే. మనం అడగకపోతే మనకు రాదు.

ఇక్కడ అడగడం కూడా కష్టంగా ఉంది. నాకు నచ్చిన సేఫ్టీ ఫీచర్లు టాప్ వేరియంట్లోనే ఇస్తున్నారు, టాప్ వేరియంట్ అంటే పెద్ద స్క్రీన్ తప్పదు. నాబ్‌లున్న మిడ్ వేరియంట్ బుక్ చేద్దామనుకుంటున్నా. బుకింగ్‌కు ముందు షోరూం వాళ్ళకు మెయిల్ పెట్టాను: ఈ స్క్రీన్‌కు ఎన్నేళ్ళు అప్‌డేట్లిస్తారు, పోతే బయట పార్టు వేసుకోవచ్చా అని. "హెడ్ ఆఫీసుకు పంపాం" అన్నారు. కొనేవాళ్ళందరూ ఇదే మెయిల్ పెట్టండి, దయచేసి.

కరకంబాడి ఇంజనీర్

మెయిల్ నేనూ పెడతా. కానీ ఆ మిడ్ వేరియంట్లో ఈఎస్‌సీ ఉందో లేదో ముందు చూడండన్నా. వానలో జారితే బండిని నిలబెట్టేది అదే. అది లేకపోతే నాబ్ కోసమని ఆ బండి తీసుకోవద్దు.

బైరాగిపట్టెడ కోడర్

బ్రోచర్లో ఉందని రాశారు. డెలివరీకి ముందు షెడ్డు అన్నను తీసుకెళ్ళి స్కానర్ పెట్టించి చూస్తా.

రేణిగుంట రోడ్డు షెడ్డు

ఆదివారం వద్దు సార్, మిగతా ఎప్పుడైనా ఫోన్ చెయ్యండి.