నగల షాపు 11 నెలల స్కీమ్: కడితే నిజంగా మిగిలేదెంత?

పసిడికొత్త
వచ్చే వైశాఖంలో ఇంట్లో పెళ్లి. రెండు కాసుల గొలుసు, ఒక జత జుంకాలు కావాలి. ఒక షాపులో నెలకు 5,000 చొప్పున 11 నెలలు కడితే 18 శాతం దాకా తరుగు (నగ చేసేటప్పుడు పోయే బంగారానికి వేసే ఛార్జీ) లేకుండా ఇస్తామంటున్నారు. ఇంకో షాపులో తరుగు మామూలే, కానీ చివర్లో ఒక వాయిదాలో 75 శాతం మేమే కలుపుతామంటున్నారు. బ్యాంకులో ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేసుకుని ఆఖర్లో కొనుక్కోవడం కంటే ఇవి నయమా? లెక్క వేసి చెప్పండి.

లెక్కలపద్దు
ముందు ఆర్‌డీ తీసేద్దాం. 6.5 శాతం వడ్డీ అనుకుంటే 5,000 చొప్పున 11 నెలలకు వచ్చేది దాదాపు 1,790. ఏ స్కీమైనా దీనికంటే ఎక్కువ ఇవ్వాలి, లేకపోతే దండగ.

రెండో షాపు కలిపేది 3,750. వడ్డీ తీసేస్తే మిగులు 1,960. అంతే. "ఒక నెల ఫ్రీ" అన్న మాట వినడానికే పెద్దది.

మొదటి షాపు లెక్క వేరు. గ్రాము 10,000 అనుకోండి, లెక్కకు తేలిక. మీ 55,000కు 5.5 గ్రాములు. దాని మీద 18 శాతం తరుగు 9,900, ఆ తరుగు మీద 3 శాతం జీఎస్టీ 297, మొత్తం 10,197 తప్పుతుంది. అయితే స్కీమ్ లేకుండా వెళ్లినా ఎవరూ 18 ఇచ్చి రారు కదండీ. బేరమాడితే 12కి దిగుతుందనుకోండి, అప్పుడు అసలు లాభం 6,798. వడ్డీ తీసేస్తే 5,000 చిల్లర. షాపువాళ్లు చెప్పే అంకె ఎప్పుడూ బేరానికి ముందున్న తరుగు మీద వేసిందే. మీరు వేసుకోవాల్సింది బేరం తర్వాతి తరుగు మీద.

ఇంకో సంగతి. మీకు కావాల్సింది రెండు కాసులు, అంటే 16 గ్రాములు, పైన జుంకాలు. ఈ స్కీమ్‌లో పోగయ్యేది ఆరు గ్రాముల లోపే. తరుగు మినహాయింపు ఆ పోగైన బరువు వరకే. మిగతా పది గ్రాములకు మామూలు తరుగు వేస్తారు. చేరేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు, బిల్లు దగ్గర తెలుస్తుంది.

ఓరుగల్లు_తులం
పైన అన్న చెప్పింది కరెక్టే, కాని ధర కదలకుండా లెక్క వేసిండు. స్కీమ్‌లో రెండు రకాలుంటయ్. ఒకదాంట్ల కట్టిన పైసలు పైసలుగనే ఉంటయ్, ఆఖరి రోజు రేటుకు బంగారం ఇస్తరు. ఇంకోదాంట్ల కట్టిన రోజు రేటుకే గ్రాములు జమ చేస్తరు.

రేటు 9,000 నుంచి నెలకు వంద చొప్పున పెరిగి 11వ నెలకు 10,000 అయిందనుకోండి. బరువు స్కీమ్‌ల జమయ్యేది 5.796 గ్రాములు. పైసల స్కీమ్‌ల 55,000కు 5.5 గ్రాములే. తేడా 0.296 గ్రాము, అంటే 2,960 రూపాయలు. రెండో షాపు 3,750 కలుపుతది కాబట్టి అక్కడ 5.875 గ్రాములు వస్తయ్, కొద్దిగ ముందే ఉంటది. కాని రేటు ఇంతకంటే గట్టిగ పెరిగితే ఆ బోనస్ కొట్టుకపోతది. రేటు పడితే మాత్రం పైసల స్కీమే మేలు.

పెళ్లికి నగ కావాల్నని ముందే తెలిసినోళ్లకు బరువు స్కీమే నా ఓటు. జమ చేసేది 22 క్యారెట్ గ్రాములా, 24 క్యారెట్ గ్రాములా అని అడగండి. 24 అయితే నగకు మార్చేటప్పుడు ఏ లెక్కన మారుస్తరో వాయిదాలు రాసే స్కీమ్ కార్డు మీద రాసి ఉండాలె.

నక్షీపని
అసలు ప్రశ్న ఏ నగకు వాడుకోవాలి అన్నది. మిషన్ గొలుసుకు తరుగు తక్కువ, 8 శాతమే ఉందనుకోండి, మీ 18 శాతం మినహాయింపులో 10 వృథా. షాపు ఆ మిగులు తిరిగివ్వదు. జుంకాలు, నక్షీ పని, చేతి పని ఉన్నవాటికే తరుగు పైన ఉంటుంది. కాబట్టి స్కీమ్ గ్రాములు జుంకాలకు పెట్టండి. రెండు కాసుల గొలుసు ఆర్‌డీ డబ్బుతో నాలుగు షాపులు తిరిగి బేరమాడి కొనండి.

అయితే జుంకాల్లో రాళ్లు, ముత్యాలు, కెంపులు ఉంటే జాగ్రత్త. చాలా స్కీముల్లో అన్‌కట్ (సానబెట్టని వజ్రాలు), వజ్రం, యాంటిక్ నగలు, బంగారు కాసులు, బిస్కెట్లు మినహాయింపులోకి రావు. రాళ్లున్న నగకు రెండు బరువులు ఉంటాయి: మొత్తం బరువు, రాళ్లు తీసేసిన నికర బరువు. బంగారం ధర, తరుగు రెండూ నికర బరువు మీదే పడాలి. రాళ్ల ధర విడిగా రాయాలి. మొత్తం బరువు మీద తరుగు వేసి, మళ్లీ రాళ్ల ధర కూడా వేస్తే ఒకే రాయికి రెండుసార్లు కట్టినట్టు.

ఇంకో చోట దెబ్బ తగులుతుంది. కొన్ని షాపుల్లో "తరుగు లేదు" అంటారు, బిల్లులో మజూరీ (నగ చేసినందుకు కూలి) అని ఇంకో గీత ఉంటుంది. చేరేటప్పుడే అడగండి: 18 శాతంలో మజూరీ కూడా కలిసిందా, విడిగా ఉందా?

పసిడికొత్త
చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. మధ్యలో ఒక నెల కట్టలేకపోతే ఏమవుతుంది? అలాగే మొదటి షాపు మా ఊళ్లోదే, పెద్ద కంపెనీ కాదు. అది మూతపడితే డబ్బు సంగతి?

బెజవాడ_ఆడిటర్
11 నెలలు అన్న అంకె ఊరికే పెట్టింది కాదు. 2013 కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన డిపాజిట్ల నిబంధనల ప్రకారం, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సును కంపెనీ 365 రోజుల్లోపు సరుకుగా సర్దాలి. దాటితే అది డిపాజిట్ కిందికి వస్తుంది. అందుకే అంతకుముందున్న 18, 24 నెలల స్కీములు పోయి ఇవి వచ్చాయి. కంపెనీ పేరుతో 15 నెలల స్కీమ్ చూపిస్తే చేరకండి.

ఒక వాయిదా తప్పితే సాధారణంగా బోనస్ లేదా తరుగు మినహాయింపు పోతుంది, కట్టినంతకు నగ తీసుకోమంటారు. నగదు వెనక్కి ఇవ్వడం చాలాచోట్ల ఉండదు. షాపుకు 365 రోజుల గడువు ఉంది కాబట్టి, తప్పిన నెలలను చివర్లో కట్టుకోవడానికి ఎక్కువ వ్యవధి కూడా దొరకదు. అందుకే 5,000 కట్టగలిగినవాళ్లు 4,000కే చేరడం మంచిది.

ఊళ్లో షాపు యజమాని పేరుమీదో, భాగస్వామ్యంగానో నడిస్తే కంపెనీల చట్టం వర్తించదు. కంపెనీ అవునో కాదో రసీదు మీద 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు ఉందా లేదా అని చూస్తే తెలుస్తుంది. ఏ రకం షాపైనా మీ డబ్బుకు తాకట్టు లేదు, బ్యాంకు డిపాజిట్‌కు ఉండే 5 లక్షల బీమా లేదు. షాపు మునిగితే అప్పులవాళ్ల వరుసలో మీరు వెనకాల నిలబడాలి. అందుకే ఒకే షాపులో మూడు నాలుగు కార్డులు తీసుకోవద్దని గట్టిగా చెబుతాను.

మాట తప్పితే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. చాలామంది డబ్బు ఎగ్గొట్టి పారిపోయిన సందర్భమైతే పోలీసు ఫిర్యాదులో 1999 డిపాజిటర్ల పరిరక్షణ చట్టాన్ని ప్రస్తావించమని అడగండి. ఆస్తుల జప్తుకు దారి అదే.

లెక్కలపద్దు
ఆడిటర్ గారు, ఒకటి కలుపుతాను. కొన్నిచోట్ల ప్రతి వాయిదా మీదా జీఎస్టీ తీసుకుంటున్నారు. సరుకు అడ్వాన్సు మీద 2017 నవంబరు నుంచి జీఎస్టీ కట్టనక్కర్లేదు, అది చివరి బిల్లులోనే పడాలి. మినహాయించిన తరుగును బిల్లులోనే డిస్కౌంటుగా చూపిస్తే దాని మీద కూడా పన్ను ఉండదు. తరుగు కలిపి 3 శాతం వేసి, ఆ తర్వాత తరుగు తీసేశామంటే లెక్క మళ్లీ వేయించండి.

బెజవాడ_ఆడిటర్
నిజమే. నగదు గురించి కూడా చెప్పాలి. ఒకే కొనుగోలుకు సంబంధించి 2 లక్షలు లేదా అంతకుమించి నగదుగా షాపు తీసుకోకూడదు. వాయిదాలుగా చీల్చినా అన్నీ ఆ ఒక్క నగకే కదా. 2 లక్షలు దాటిన బిల్లుకు పాన్ అడుగుతారు. యూపీఐ అయితే షాపు వ్యాపార ఖాతాకే పంపండి. ఇంటికొచ్చి వసూలు చేసే ఏజెంటు సొంత ఫోన్ నంబరుకు వేసిన వాయిదాలు షాపు పుస్తకంలో కనబడక గొడవ అయ్యేవి చాలా ఉన్నాయి.

కోనసీమ_కాసు
కొనే రోజు చేసేవి చెబుతాను. కార్డులో ప్రతి వాయిదాకు తేదీ, ఆనాటి రేటు, జమయిన బరువు మిల్లీగ్రాములతో సహా ఉండాలి. ఆదివారం, పండగ రోజు ఆటోమేటిక్‌గా కట్టయిన వాయిదాకు మర్నాటి రేటు వేస్తారు, అది సరిచూసుకోండి. కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్ల ఫోన్‌కే ఓటీపీ వస్తుంది, నంబరు మారిస్తే ముందే మార్పించండి, నామినీ పేరు రాయించండి.

నగ మీద బీఐఎస్ (హాల్‌మార్క్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ) గుర్తు, స్వచ్ఛత చెప్పే 22కే916, ఆ నగకే ప్రత్యేకమైన ఆరు అక్షరాల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు చిన్న కమ్మలకు మాత్రం ఈ నిబంధన లేదు. కౌంటరు దగ్గరే బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు అక్షరాలు కొట్టండి. జుంకాలు అని కొంటే యాప్‌లో కూడా ఆ రకం నగే, 916 స్వచ్ఛతే చూపించాలి. రెండు జుంకాలకు విడివిడిగా హెచ్‌యూఐడీ ఉంటే రెండూ చూడండి.

ఇక ఆషాఢం ఆఫర్లు. స్కీమ్ మినహాయింపు, పండగ ఆఫర్ రెండూ కలిపి సాధారణంగా ఇవ్వరు. స్కీమ్ ఆషాఢంలో ముగిస్తే బయటివాళ్లకు కూడా తరుగు తగ్గించి ఇస్తారు, మీ ప్రత్యేక లాభం కరిగిపోతుంది. మీది వైశాఖం పెళ్లి కాబట్టి ఇప్పుడు చేరితే చైత్రానికి పూర్తవ్వాలి. ఆఖరి వాయిదా తర్వాత 30 రోజులు ఆగాలన్న షరతు ఉందేమో ఈరోజే అడగండి, ఆ నెల పెళ్లిలోకి జారితే జుంకాలు ముహూర్తానికి చేతికి రావు.