చర్చ: 51 శాతం లెక్కలో యూనియన్ సభ్యత్వం ఎక్కడ జారిపోతోంది?

మస్టర్_రోల్: పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఒకటికి మించి యూనియన్లుంటే, మస్టర్‌లో, అంటే కార్మికుల హాజరు పట్టీలో, 51 శాతం మద్దతున్నదే యాజమాన్యంతో చర్చలకు కూర్చుంటుంది. హెచ్‌ఆర్ పద్ధతుల్లో ఈ అంకెను దెబ్బతీసేవి ఏవి?

బి_షిఫ్ట్: అన్నిటికన్నా ముందు ఫిక్స్‌డ్ టర్మ్ నియామకాలు, అంటే గడువు పెట్టి ఇచ్చే ఉద్యోగాలు. మస్టర్‌లో 400 మంది ఉంటే 204 కావాలి. అందులో 150 మంది ఫిక్స్‌డ్ టర్మ్ అనుకోండి. వాళ్లు కంపెనీ మస్టర్‌లోనే ఉంటారు కనుక 400లో లెక్కకొస్తారు. రెన్యువల్ భయంతో చందా ఫారం మాత్రం ముట్టరు. ఇక ఆ 204 మిగిలిన 250 మంది పర్మనెంట్ల నుంచే రావాలి, అంటే నూటికి 82 మంది! కాంట్రాక్టు కార్మికులది వేరే చిక్కు. వాళ్ల పేర్లుండేది కాంట్రాక్టరు మస్టర్‌లో.

గేట్_మీటింగ్: 51 ఎవరికీ రాకపోతే 20 శాతానికి తగ్గని మద్దతున్న యూనియన్లతో చర్చల మండలి వేస్తారు. ప్రతి 20 శాతానికి, అంటే పై లెక్కలో 80 మందికి, ఒక ప్రతినిధి.

పాత_ఫిట్టర్: ‘జూనియర్ ఎగ్జిక్యూటివ్’ అని లెటర్ రాగానే యూనియన్ వాళ్లే రిజిస్టర్లో పేరు కొట్టేస్తారు. తొందరపాటు అది. చూడాల్సింది హోదా కాదు, చేసే పని. సెలవు మంజూరు చేయడు, ఎవరి అప్రైజల్ మీదా సంతకం పెట్టడు, షిఫ్టంతా వాల్వులు తిప్పి లాగ్‌బుక్ రాస్తాడు. అతను కార్మికుడే. లాగ్‌బుక్ పేజీల నకళ్లు దగ్గరుంచుకోవాలి. నిజంగా సూపర్‌వైజరే అయితే జీతం నెలకు 18,000 దాటిందా అని చూస్తారు, దాటితే కార్మికుడి కింద రాడు.

చందా_బుక్కు: జీతంలోంచి చందా కోతకు కార్మికుడి రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. వసూలు తిప్పలు తప్పుతాయి గానీ, ఎవరు ఏ యూనియనో జాబితా మొత్తం హెచ్‌ఆర్ టేబుల్ మీదుంటుంది. రహస్య బ్యాలెట్‌కు ఆ ఇబ్బంది లేదు. సింగరేణిలో 1998 నుంచీ అదే పద్ధతి. 2023 డిసెంబరు 27 ఎన్నికల్లో గుర్తింపు సంఘంగా ఏఐటీయూసీ గెలిచినా, 11 ఏరియాల్లో 6 ఐఎన్‌టీయూసీకి పోయాయి.

బి_షిఫ్ట్: ఫిర్యాదుల కమిటీని మరిచిపోతున్నారు. 20 మంది కార్మికులుంటే పెట్టాల్సిందే, సభ్యులు 10కి మించరాదు, 30 రోజుల్లో తేల్చాలి. అది బాగా నడిచే చోట ‘యూనియన్ దేనికి?’ అంటారు. తేలకపోతే మాత్రం 60 రోజుల్లో కన్సిలియేషన్ (రాజీ కుదిర్చే) అధికారి దగ్గరికి వెళ్లాలి, అదీ తాను సభ్యుడైన యూనియన్ ద్వారానే. కొత్తవాళ్లకు ఫారం ఇచ్చేటప్పుడు ఈ ఒక్క క్లాజు చూపించండి.