నల్లరేగడిలో సేంద్రియ కర్బనం పెరగడం లేదు

గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలంలో మాకు రెండెకరాల మిరప చేను ఉన్నది. ఏటా ఎకరానికి నాలుగు ట్రక్కుల పశువుల ఎరువు తోలి, జూన్‌లో పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి పూతదశలో కలియదున్నుతున్నప్పటికీ, 15 సెంటీమీటర్ల లోతు వరకు తీసిన మట్టిలో 2022 మేలో 0.42 శాతం ఉన్న సేంద్రియ కర్బనం (కుళ్ళిన ఆకులు, ఎరువుల నుంచి మట్టిలో చేరే కర్బనం) 2025 మేలో 0.44 దగ్గరే ఆగింది. యూరియా తగ్గించలేదు, పురుగు కోశాలు చస్తాయని వేసవిలో రెండుసార్లు లోతు దుక్కి కూడా మానలేదు. లేత జీలుగను సూక్ష్మజీవులు వారాల్లోనే కుళ్ళబెట్టి, కర్బనంలో అధిక భాగాన్ని బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయని తెలిసి నిరుడు నిదానంగా కుళ్ళే పత్తికట్టె ముక్కలు కలిపితే, వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని వాడుకోవడంతో మొక్కలు నత్రజని అందక పసుపెక్కాయి. ఈ నేలలో కర్బనం నిలవాలంటే ముందుగా మార్చవలసినది దుక్కినా, యూరియా మోతాదునా, జీలుగ దున్నే అదునునా?