రోడీనియాలో భారత్ ఉందా? తూర్పు కనుమలు చెప్పేది ఎంత, మనం చెప్పించేది ఎంత?

కొండరాయి:
రోడీనియా అంటే సుమారు 100-80 కోట్ల ఏళ్ల కిందట చాలా ఖండాలు కలిసి ఉన్న మహాఖండం. దాని మ్యాపుల్లో చాలావాటిలో భారత్‌ని తూర్పు అంటార్కిటికాకి అతికించి, ఆ రెండింటినీ ఆస్ట్రేలియా పక్కన పెట్టేస్తారు. ఎందుకలా అంటే మన తూర్పు కనుమలనే చూపిస్తారు. అంటార్కిటికాతో అతుకు గురించి నాకు పేచీ లేదు. విశాఖ కొండల్లో ఎర్రగా కనిపించే ఖోండలైట్, దాని పక్కనే నల్లటి చార్నోకైట్, ఇవన్నీ భూమి లోతుల్లో చాలాచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో మారిన రాళ్లు, వాటిలో వయసు కొలవడానికి వాడే జిర్కాన్ ఖనిజపు రేణువుల్లో ఎక్కువగా వచ్చే వయసు 100 నుంచి 90 కోట్ల ఏళ్లు. అంటార్కిటికాలో రేనర్ కాంప్లెక్స్ రాళ్లదీ అదే వయసు, అదే తరహా. రెండూ ఒకే పర్వతశ్రేణి ముక్కలే. కానీ ఆ జంట రోడీనియాలో ఉందని దీంతో ఎలా తేలుతుంది?

గోదావరి గట్టు:
కొండరాయి గారూ, ఉత్తర అమెరికాలో గ్రెన్‌విల్ పర్వతాలు లేచింది కూడా దాదాపు ఆ కాలంలోనే కదా. ప్రపంచంలో ఇన్ని ఖండాల అంచులు ఒకే కాలంలో గుద్దుకుంటుంటే భారత్ ఒక్కటే బయట ఎక్కడో తిరుగుతోందా? నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు.

కొండరాయి:
వయసు కలిస్తే చోటు కలిసినట్టు కాదండీ. ఇవాళ హిమాలయాలూ లేస్తున్నాయి, ఆండీస్ కూడా లేస్తున్నాయి, ఆ రెండు ఖండాలూ కలిసి లేవు. చోటు తెలియాలంటే రాళ్లలో అచ్చుపడిన పాత అయస్కాంత దిశ చూడాలి. లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నెటైట్ రేణువుల అయస్కాంతత్వం అప్పటి అయస్కాంత క్షేత్రం దిశలో స్థిరపడి అలాగే ఉండిపోతుంది, దాన్నిబట్టి ఆ నేల ఏ అక్షాంశం దగ్గర ఉందో లెక్కకడతారు. రాజస్థాన్‌లో మలానీ అగ్నిశిలలు సుమారు 77-75 కోట్ల ఏళ్లవి. పశ్చిమ ఆస్ట్రేలియాలో మండైన్ వెల్ డైకులు (పగుళ్లలోకి చొచ్చుకొచ్చి గోడల్లా గట్టిపడిన అగ్నిశిలలు) 75.5 కోట్ల ఏళ్లవి. రెండు ఖండాలనీ తర్వాతి గోండ్వానా మహాఖండంలో ఉన్నట్టే పక్కపక్కన పెట్టి చూస్తే ఈ రెండు దిశలూ పొసగవు. అంటే అప్పటికి అవి ఆ అమరికలో లేవు. పైగా అంటార్కిటికాలోని ప్రిడ్జ్ బే దగ్గర 55-50 కోట్ల ఏళ్ల నాటి గట్టి వేడి గుర్తులున్నాయి. భారత్-అంటార్కిటికా జంట వచ్చి ఆస్ట్రేలియా వైపు నేలని గుద్దుకున్నది అప్పుడేనని చాలామంది వాదన, నాకూ అదే సరైనదనిపిస్తుంది.

ఒంగోలు శీను:
ఇద్దరూ తూర్పు కనుమలన్నీ ఒకే ముద్ద అన్నట్టు మాట్లాడుతున్నారు. గోదావరికి దక్షిణాన మా వైపు కథ వేరు. ఒంగోలు చార్నోకైట్లు వేడెక్కింది 170-160 కోట్ల ఏళ్ల కిందట, ఉత్తరాన ఖోండలైట్లకంటే బాగా ముందు. కనిగిరి దగ్గర సుమారు 133 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు నేల తునకలున్నాయని అక్కడ పనిచేసినవాళ్లు రాశారు. అంటే ఈ అంచు ఒక్క గుద్దుతో తయారవలేదు, ముక్క మీద ముక్క వచ్చి చేరింది. ఒంగోలు రాళ్లని పట్టుకొచ్చి రోడీనియా సాక్ష్యం అనడం ఎవరికైనా తప్పే, అవి అంతకుముందు ఉన్న కొలంబియా మహాఖండం కాలానివి.

గోదావరి గట్టు:
శీను గారి మాట ఒప్పుకుంటాను, దక్షిణ భాగాన్ని పక్కన పెడదాం. కానీ అయస్కాంత లెక్కల మీద అంత భరోసా ఎలా? బెంగళూరు దగ్గర హరోహళ్లి డైకులు 82 కోట్ల ఏళ్లవని చాలాకాలం అందరూ వాడారు. తర్వాత జిర్కాన్‌తో మళ్లీ కొలిస్తే 119 కోట్లు వచ్చింది. దాదాపు 37 కోట్ల ఏళ్ల తేడా! దాని మీద గీసిన మ్యాపులన్నీ పోయినట్టే కదా. ఇంకో సంగతి, ఈ పద్ధతి అక్షాంశమే చెబుతుంది, రేఖాంశం చెప్పదు.

కొండరాయి:
హరోహళ్లి పోవడం వల్ల నా వాదన బలహీనపడదు, రోడీనియా ఉన్న కాలంలో భారత్ ఎక్కడుందో చెప్పే ఆధారం ఇంకొకటి తగ్గిందంతే. మలానీ వయసు గట్టిదే. అయస్కాంత దిశ కొలిచిన మిగతావాటిలో వజ్రకరూర్ కింబర్లైట్లు (లోతుల నుంచి వజ్రాలు మోసుకొచ్చిన అగ్నిశిలలు) సుమారు 110 కోట్లు, పన్నా దగ్గర అలాంటిదే మఝ్‌గావాఁ పైపు సుమారు 107 కోట్లు, ఇవి విశాఖ రాళ్లు వేడెక్కడానికి ముందువి. రోడీనియా నిండుగా ఉందనుకునే 100-80 కోట్ల ఏళ్ల మధ్య మన దగ్గర నమ్మదగ్గ కొలత దాదాపు లేనట్టే. అలాంటప్పుడు భారత్‌ని మ్యాపులో గట్టి గీతతో ఎందుకు గీయాలి? చుక్కల గీత పెట్టమనే నా పట్టు.

ఒంగోలు శీను:
చుక్కల గీతే పెడితే తూర్పు కనుమలకీ, వాటికి పడమట ఉన్న బస్తర్ పాత నేల ముద్దకీ మధ్య కూడా పెట్టాలి అన్నా. ఒడిశా వైపు ఆ సరిహద్దులో 50 కోట్ల ఏళ్ల వయసులు వస్తున్నాయి. పాత అతుకే మళ్లీ కదిలిందా, లేక కనుమలు బస్తర్ మీదికి ఎక్కిందే అప్పుడా? రెండోదే నిజమైతే 90 కోట్ల ఏళ్ల కిందట ఖోండలైట్లు అంటార్కిటికా వైపు ఉండి, మిగతా భారత్ ఇంకెక్కడో ఉండొచ్చు. అప్పుడు మీరిద్దరూ ఒప్పుకున్న ఆ మొదటి అతుకు మీదే చర్చ మళ్లీ మొదలుపెట్టాలి.