పలాస జీడి కార్మికుల మాట ఐక్యరాజ్యసమితికి చేరే దారేది?

అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర ఒక చర్చి స్త్రీల సమాజం. మాలో ఎక్కువ మంది జీడి ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లే. పిక్క కొట్టేటప్పుడు కారే నూనెకు వేళ్లు పొక్కిపోతాయి, కూలి మాత్రం కిలో లెక్కన. ఏటా మార్చిలో న్యూయార్క్‌లో జరిగే మహిళల స్థితిగతుల కమిషన్ సమావేశంలో ఈ సంగతి వినిపించాలని ఆశ. అక్కడికి ప్రతినిధిని పంపాలంటే సంస్థకు ఐక్యరాజ్యసమితి సంప్రదింపుల హోదా ఉండాలి. మాకైతే రిజిస్ట్రేషనే లేదు! వైడబ్ల్యూసీఏ లాంటి హోదా ఉన్న క్రైస్తవ మహిళా సంస్థలు మా మాట తీసుకెళ్తాయా? ఎవరిని కలవాలి? లేక 1993లో మన దేశం ఆమోదించిన సీడా (మహిళలపై వివక్షను తొలగించాలనే ఐక్యరాజ్యసమితి ఒప్పందం) కింద ప్రత్యామ్నాయ నివేదిక, అంటే ప్రభుత్వం ఇచ్చే నివేదికకు తోడుగా సంస్థలు సొంతంగా ఇచ్చేది, పంపడం మేలా? దానికి ఆ హోదా అక్కర్లేదు కదా. ముందు కార్మిక శాఖకు రాయమంటున్నారు పాస్టరమ్మగారు, అదీ నిజమే. ఇంగ్లీషులో రాసిపెట్టేవాళ్లు తెలిస్తే కాస్త చెప్పండి.