చిట్టెలుకల జాతిని తేల్చేది పుర్రా, క్రోమోజోమా?

తెనాలి జువాలజీ:
వరి కోశాక వేసిన మినుము చేలో నిన్న రాత్రి బుట్టల్లో రెండు చిట్టెలుకలు పడ్డాయి. ఒకటి మస్ బూడుగా, రెండోది మస్ టెర్రికోలర్ అని మా అనుమానం. పుర్రె కొలిస్తే చాలని మాలో ఒకరు, క్రోమోజోములు చూడందే ఒప్పుకోనని ఇంకొకరు. మీరేమంటారు?

బెజవాడ పీజీ:
క్రోమోజోములేనండీ, అనుమానం అక్కర్లేదు. నల్ల ఎలుకల్నే తీసుకోండి. దక్షిణ భారతంలో, ఐరోపాలో 38 ఉంటాయి, తూర్పు ఆసియా వాటికి 42. పుర్రెలు పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. లెక్కపెడితే అయిపోయె.

గుంటూరు లెక్చరర్:
తమ్ముడూ, ఆ "లెక్కపెడితే" దగ్గరే నా పేచీ. వాళ్లు అడిగిన రెండు చిట్టెలుకలకూ క్రోమోజోములు 40 చొప్పునే. లెక్కపెట్టి ఏం తేలుస్తావు? చూడాల్సింది ఎక్స్ క్రోమోజోము రూపాన్ని. బూడుగాలో సెంట్రోమియర్, అంటే క్రోమోజోము నొక్కుకుని రెండు భుజాలుగా విడిపోయే చోటు, దాదాపు చివర్న ఉంటుంది. టెర్రికోలర్ ఎక్స్ బాగా పెద్దది, సెంట్రోమియర్‌కు అటూ ఇటూ రెండు భుజాలూ స్పష్టంగా కనిపిస్తాయి. చిన్న పందికొక్కుకూ 42, నార్వే ఎలుకకూ 42. రెండూ ఒకటేనా?

నువ్వు చెప్పిన 38 సంగతీ చూడు. 42 ఉన్నచోట విడివిడిగా ఉన్న నాలుగు జతలు ఇక్కడ రెండేసి చొప్పున అతుక్కుని రెండు జతలయ్యాయి. సంఖ్యలో నాలుగు తగ్గాయి, భుజాలు మాత్రం అన్నీ ఉన్నాయి. శ్రీలంక ఎలుకల్లో ఒక్క అతుకే పడింది, అందుకే 40.

ఇక పుర్రె. మొత్తం పొడవును నేనూ నమ్మను, అది వయసుతో పెరుగుతుంది. పెద్ద పందికొక్కు పిల్లను చిన్న జాతి అనుకుని పొరపడటం అక్కడే. కానీ దవడ పళ్లు ఒకసారి పూర్తిగా వచ్చాక పెరగవు, అరుగుతాయంతే. అందుకే ఆ పళ్ల వరస పొడవు కొలవాలి. ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, అయినా వాటి అరుగుదలా పనికొస్తుంది. నిరుడు ఇంటి చుంచు పుర్రె ఒకటి ఉడికించి, కండ ఊడదీసి, గోరు మీద పెట్టుకుని లెన్సు కింద పక్కకు తిప్పాను. పై ముందుపంటి కొసన, అరిగిన చోట, కత్తితో గాటు పెట్టినట్టు చిన్న నొక్కు. అది చూశాక ఇంటి చుంచును మళ్లీ పొరపడలేదు.

పెదనందిపాడు రైతు:
సార్, మాకు పుర్రె దాకా పోయే పని లేదు, కన్నం చాలు. గట్టు మీద మట్టి కుప్పగా ఎగదోసి ఉంటే కొక్కు. నల్లరేగడి పగుళ్లలో దూరేది మెత్తబొచ్చు ఎలుక. కొక్కు కన్నానికి కుండతో పొగబెడితే పని జరుగుతుంది, పగుళ్లలో పొగ నిలవదు. మీ చిట్టెలుకలు రెండూ మాకు ఒకటే.

బెజవాడ పీజీ:
సరే సార్, సంఖ్య ఒక్కటే చాలదు, ఒప్పుకున్నాను. కానీ ఎక్స్ రూపం చూశాక ఇంక పుర్రె దేనికి?

గుంటూరు లెక్చరర్:
పేరు కోసం. టెర్రికోలర్‌ను చాలాకాలం మస్ డన్నీ అనే రాసేవాళ్లు. ఆ పేరు 1912లో పెట్టింది. టెర్రికోలర్ 1851 నాటిది, పాతది కాబట్టి అదే నిలిచింది. పాత పేర్లకు ఆధారం మ్యూజియంలో ఎండిన తోళ్లు, పుర్రెలు. వాటి నుంచి క్రోమోజోముల స్లైడు చేయలేం. ఈరోజు నీ స్లైడులో కనిపించిన ఎలుకకు ఆనాటి పేరు అంటించాలంటే మధ్యలో పుర్రె ఉండాల్సిందే. అందుకే ఒకే జంతువు నుంచి రెండూ తీసి, రెండింటికీ ఒకే నంబరు వేసి దాచాలి. నా పట్టు అదొక్కటే.

తెనాలి జువాలజీ:
రెండూ ఇంకా బతికే ఉన్నాయండీ. కణ విభజనను మధ్యలో ఆపే కొల్చిసిన్ మందు ఇచ్చి, తొడ ఎముక మూలుగ తీసి స్లైడులు చేస్తాం, పుర్రెలకూ అవే నంబర్లు కడతాం. ఒకటి ఆడది, కాబట్టి అందులో రెండు ఎక్స్‌లు కనబడాలి. చూశాక ఇక్కడే రాస్తాను.