థైమస్ మీద పీహెచ్‌డీ: నాయన అడిగిన ప్రశ్నకు ఏమని చెప్పాలి?

ప్రశ్న (అనంతపురం నుండి, విద్యార్థిని)

బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేసి, సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) సాధించాను. రెండు ప్రయోగశాలల నుండి పిలుపు వచ్చింది. ఒకచోట ఎలుకల థైమస్ గ్రంథిలో టీ కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎలా ఎదుగుతాయన్నది అంశం, మరొకచోట టీకాల మీద పని. నా మనసు మొదటిదాని మీదే ఉంది. మా నాయన వేరుశనగ రైతు. "ఐదారేండ్లు చదివితే ఏ జబ్బుకు మందు వస్తుందమ్మా?" అని ఆయన అడిగినప్పుడు నాకు మాట రాలేదు. ఈ రంగంలో ఉన్న పెద్దలు దయచేసి సలహా చెప్పగలరు.

జవాబు 1 (కర్నూలు వాస్తవ్యుడు, ఇమ్యునాలజీ అంటే రోగనిరోధక శాస్త్ర పరిశోధకుడు)

అమ్మా, మీ నాయనగారికి ఆయన పనితోనే చెప్పి చూడండి. విత్తనానికి పప్పులు ఏరేటప్పుడు నూటికి పదో పన్నెండో పుచ్చులు పారేస్తాం. థైమస్‌లో ఆ లెక్క తిరగబడుతుంది. అక్కడ పుట్టే టీ కణాల్లో నూటికి తొంభైకి పైగా బయటికి రాకుండానే చనిపోతాయి. దేన్నీ గుర్తుపట్టలేనివి పనికిరాక పోతాయి, సొంత శరీరాన్నే గట్టిగా పట్టుకునేవి ప్రమాదమని తొలగిపోతాయి. ఈ ఏరివేతలో తప్పు జరిగితే శరీరం తనమీద తానే దాడికి దిగుతుంది.

1961లో లండన్‌లో జాక్ మిల్లర్ ఎలుకల లుకేమియా (రక్త క్యాన్సర్) గురించి పరిశోధిస్తూ, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు థైమస్ తీసివేసి చూశారు. అవి చిక్కి జబ్బుపడ్డాయి, వేరే జాతి ఎలుకల చర్మం అతికిస్తే తిరస్కరించలేకపోయాయి. అప్పటిదాకా చాలామంది ఆ గ్రంథిని చచ్చిన కణాల శ్మశానంగానే భావించేవారు. ఏరివేతను తప్పించుకున్న కణాలను అదుపులో ఉంచే ప్రత్యేక టీ కణాలను షిమోన్ సకగుచి 1995లో చూపారు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఒక జబ్బు ఎలుకలో, ఆ అదుపు కణాలకు కీలకమైన ఫాక్స్‌పీ3 జన్యువును పట్టుకున్నారు. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ వచ్చింది.

ఇక రోజువారీ పని గురించి. ఎలుక గుండెకు పైన రెండు తెల్లని తమ్మెలుగా ఉండే థైమస్‌ను తీసి, సిరంజి వెనుక భాగంతో జల్లెడ మీద మెత్తగా నలిపితే, ఒక్క లేత ఎలుక నుండే పది కోట్ల దాకా కణాలు వస్తాయి. వాటిని మంచు మీద ఉంచి, కణాల పైనుండే సీడీ4, సీడీ8 అనే గుర్తులకు అంటుకునే యాంటీబాడీలతో రంగు వేసి, కణాలను ఒక్కొక్కటిగా చూసి లెక్కించే ఫ్లో సైటోమీటర్ యంత్రం దగ్గర మన వంతు కోసం కూర్చోవాలి. తెరపై నాలుగు గుంపులు కనబడతాయి, వాటిలో రెండు గుర్తులూ ఉన్న గుంపే అన్నిటికంటే పెద్దది. వయసుతో థైమస్ కుంచించుకుపోతుంది. ఆ సంగతి పుస్తకంలో చదివి కూడా, మొదటి ఏడాది నేను ఆరు వారాల ఎలుకలను ఆరు నెలల వాటితో పోల్చి, కనబడిన తేడా అంతా నేను పరిశీలిస్తున్న జన్యువుదేనని పొంగిపోయాను. ఆ పొరపాటు తేలేసరికి నాలుగు నెలలు పోయాయి.

జవాబు 2 (కడప జిల్లా, పశువైద్యుడు)

పై మిత్రులు ఎలుకల గురించి చెప్పారు, నేను కోళ్ల గురించి చెబుతాను. కోడి తోక కింద, మలద్వారానికి పైన బర్సా అనే చిన్న సంచి ఉంటుంది. బ్రూస్ గ్లిక్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో దానిని తీసివేసి కోళ్లను పెంచుతుండగా, తోటి విద్యార్థి ఒకరు తరగతిలో యాంటీబాడీలు చూపించడానికి వాటిని అడిగి తీసుకున్నారు. ఎంత ప్రయత్నించినా ఆ కోళ్లలో యాంటీబాడీలు రాలేదు. పేరున్న పత్రిక తిప్పి పంపిన ఆ వ్యాసం 1956లో కోళ్ల పెంపకం పత్రికలో అచ్చయింది, ఇమ్యునాలజీ వారి కంట చాలాకాలం పడనే లేదు. తర్వాత 1965లో మాక్స్ కూపర్ బృందం థైమస్ కణాలు వేరు, బర్సా కణాలు వేరు అని చూపింది. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల పేరులోని 'బీ' ఆ బర్సాదే. మనుషులకు ఆ సంచి లేదు, ఆ పని ఎముక మూలుగలో జరుగుతుంది.

మా కోళ్లఫారాల్లో గంబోరో జబ్బు వస్తే దాని వైరస్ తినేది ఈ బర్సానే. బతికి బయటపడ్డ కోడిపిల్లలకు తర్వాత కొక్కెర వ్యాధి టీకా వేసినా సరిగా పట్టదు. టీకా ఎందుకు పట్టలేదో తెలియాలంటే కణం ఎక్కడ పుట్టి పెరిగిందో తెలియాలి. అందువల్ల మీ రెండు అంశాల మధ్య మీరనుకున్నంత దూరం లేదని నా అభిప్రాయం.

జవాబు 3 (కర్నూలు, పీహెచ్‌డీ ముగించిన వ్యక్తి)

నోబెల్ కథలు బాగున్నాయి గాని, వాటిని చూసి ప్రయోగశాలను ఎంచుకోకూడదు. 2023 నుండి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42,000, ఇంటద్దె భత్యం అదనం. ఆ డబ్బు సమయానికి చేతికి రాని నెలలూ ఉంటాయి, కాబట్టి కొంత వెనకేసుకోండి. పీహెచ్‌డీ అయ్యాక పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) తప్పదు, స్థిరమైన ఉద్యోగం చేతికొచ్చేసరికి వయసు ముప్పై అయిదు దాటవచ్చు. ఈ మాట ఇంట్లో ఇప్పుడే చెప్పడం మంచిది. ఎలుకల గది సొంతమా, ఫ్లో సైటోమీటర్ వారానికి ఎన్ని గంటలు దొరుకుతుంది, గత విద్యార్థులు ఎన్నేళ్లలో ముగించారు అన్న మూడు ప్రశ్నలను గైడ్‌ను కాక, అక్కడి సీనియర్లను అడగండి.

ప్రశ్న వేసినవారి స్పందన

అందరికీ కృతజ్ఞతలు. విత్తనం ఏరివేత సంగతి చెప్పగానే నాయన, "అయితే పుచ్చు గింజ ఒకటి తప్పించుకొని చేనులో పడితే?" అని అడిగారు. నా అంశం సరిగ్గా అదేనని చెప్పాను. వయసు లెక్క, ముప్పై అయిదు, ఇంకా చెప్పలేదు. సోమవారం అక్కడి సీనియర్లకు ఫోన్ చేస్తున్నాను.